పులిసిన పిండి బేరం

హైఫాలో మా వాదీ నిస్నాస్ పేటకంతటికీ కూసాకాయలు, అదే పిడికెడంత లేత సొరకాయల్లాంటివి, తొలవడంలో బహీజాను మించిన చెయ్యి లేదు. పెళ్లికైనా దినానికైనా ముందు రోజే ఆడవాళ్లు కాయల సంచులు తెచ్చి ఆమె గుమ్మంలో పెట్టి పోతారు. బహీజా మెట్టు మీద కూర్చుని, సన్నటి కత్తి కాయలో దింపి ఒక్క తిప్పు తిప్పిందంటే గుజ్జంతా ఊడి చేతిలోకి వచ్చేస్తుంది. తొక్క మాత్రం వెలుగు కనబడేంత పల్చగా నిలుస్తుంది. అందులో మనం బియ్యం, మాంసం కూరుకోవడమే తరువాయి. పొరపాటున ఒక్క కాయ చిరిగితే ఆ పూట ఆమెకు అన్నం సయించదు. భర్త పోయాడు, పిల్లలు లేరు, నోరు మాత్రం ఉంది. నాకూ ఉంది. మా గుమ్మాలు ఎదురెదురు. ఆ సందులో పిచ్చుకలు అరవడం మానుకున్నాయని మా అబ్బాయి ఇల్యాస్ అంటాడు.

సందు చివరి నుంచి కొండ మీదికి రాతి మెట్లు పోతాయి. వాటి పైన మూడు కమానుల కిటికీ ఉన్న ఇల్లు ఒకటుంది. బహీజా పుట్టింది అందులోనే. డెబ్బై దాటినా మళ్లీ అందులో అడుగు పెట్టలేదు.

నలభై ఎనిమిదిలో, ఆమె ఇంకా పాలు తాగే పిల్లప్పుడు, తల్లి ఆమెను చంకనేసుకుని నాలుగు రోజుల కోసం నజరేతులో పుట్టింటికి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ, రొట్టెలకు తోడుపెట్టే పులిసిన పిండి ముద్దకు తడిగుడ్డ చుట్టి గోడ అల్మారాలో పెట్టి, "రోజూ గుప్పెడు పిండి వెయ్యండి, దాన్ని చావనివ్వకండి" అని మొగుడికీ కొడుక్కీ చెప్పిందట. ఆ నాలుగు రోజుల్లోనే హైఫా యూదుల సైన్యం చేతిలో పడిపోయింది. కాల్పులు, కేకలు, రేవుకేసి పరుగులు. తండ్రి ఎనిమిదేళ్ల శుక్రీని రెక్క పట్టుకుని దొరికిన పడవ ఎక్కాడు. తిరిగి తిరిగి జోర్డాన్‌లో ఇర్బిద్ ఊళ్లో తేలారు. తల్లీకూతుళ్లు తిరిగొచ్చేసరికి ఇంటికి కొత్త ప్రభుత్వం తాళం. ఊళ్లో మిగిలిన అరబ్బులందర్నీ మా వాదీలోకి తోశారు. "నేను ఇక్కడే ఉన్నానయ్యా" అని తల్లి కచేరీ చుట్టూ తిరిగింది. ఉన్నావు గానీ ఆ రోజు ఇంట్లో లేవు, కాబట్టి లేనిదాని కిందే లెక్క అన్నారు. ఉండి లేనివాళ్లు! నిజంగా అలాంటి పేరే పెట్టారు మాకు.

కొన్నేళ్లకు ఆ ఇల్లు మొరాకో నుంచి ఓడలో వచ్చిన యూదు కుటుంబానికి ఇచ్చారు. వాళ్లతో వచ్చిన కొత్త కోడలే సుల్తానా. ఇప్పుడు ఎనభై ఏళ్ల ఒంటరి ముసలమ్మ. పేరుకు తగ్గ దర్జా. పండగ పట్టింపుల్లో ఆమెను చూసి వాళ్ల మతగురువు రబ్బీయే భయపడతాడు. ముప్పై ఏళ్ల కిందట బహీజా ధైర్యం చేసి తలుపు తట్టి, "ఒక్కసారి లోపల చూసి పోతాను" అంటే, "నా దగ్గర కాయితాలున్నాయి" అని తలుపు మొహాన వేసింది. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. మెట్ల మీద ఎదురైతే ఇద్దరూ సముద్రం కేసి చూసేవారు. సముద్రం ఎప్పుడూ చూడనట్టు!

ఇక శుక్రీ సంగతి. ప్రతి ఆదివారం చర్చి నుంచి రాగానే అన్నాచెల్లెళ్లు ఫోన్లో కొట్టుకునేవారు. గొడవ ఎప్పుడూ ఒక్కటే. వాళ్ల నాన్న గచ్చు పరిచే పనివాడు. సొంత ఇంటికి పూల పలకలు తానే పరిచాడు. అన్ని పువ్వుల తలలూ వీధి తలుపుకేసి చూస్తాయి, ఒక్క పలక మాత్రం తిరగబడి గోడకేసి చూస్తుంది. కొత్త పెళ్లికూతురు మజ్జిగ తెచ్చిస్తే అటు చూస్తూ తిప్పేసి పెట్టాడట. ఆ తప్పు పేరు చెప్పి తల్లి బతికినన్నాళ్లూ నవ్వింది. ఆ పలక ఎక్కడుంది, దాని మీద ఏముంది?

"గోడ అల్మారా లోపల. ఎర్ర పువ్వు," అనేవాడు శుక్రీ.

"గుమ్మం దగ్గర. ఆకుపచ్చ నక్షత్రం. అమ్మ చెప్పింది," అనేది బహీజా.

"నేను దాని మీద కూర్చుని మూకుడు నాకినవాణ్ని. నువ్వేమో ఉయ్యాల్లో ఉచ్చ పోసుకునేదానివి!"

శుక్రీ రెండుసార్లు వీసా పెట్టాడు, రెండుసార్లూ రాదన్నారు. ఒక ఏడు చలికాలంలో ఫోన్ చేసి ఎప్పుడూ లేనంత మెల్లగా మాట్లాడాడు. కళ్లు పోతున్నాయి, వేసవికల్లా వెలుగు తప్ప ఏమీ కనబడదని డాక్టరు చెప్పాడు. "నాకు ఇంకేం చూడాలని లేదే. ఆ పలక ఒక్కటి చూపించగలవా?" అన్నాడు.

బహీజా "చూపిస్తాను" అనేసింది. ఎలా చూపిస్తుందో ఆమెకూ తెలియదు. ఫోన్ పెట్టేశాక నా గుమ్మంలోకొచ్చి కూలబడింది.

ఇక నాకు నిద్ర పడితే ఒట్టు! దారి లేనిచోట దారి వెతకడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. అయిదో తరగతిలో సన్యాసినుల అల్మారాలో ఏముందో చూడబోయి బడి పోగొట్టుకున్నదాన్ని. ఆ వారంలోనే రొట్టెల కొట్లో వరసలో నిలబడి ఉంటే, లోపల్నుంచి రబ్బీ నిస్సీమ్ గొంతు వినబడింది. మెట్ల పైనున్న చిన్న యూదు మందిరానికి ఆయనే పెద్ద. లావుగా, పసిమొహంతో ఉంటాడు. కొట్టు యజమానిని బతిమాలుతున్నాడు.

"ఈ ఒక్క ఏడాదీ కొను, అబూ గత్తాస్!"

"మోకాలి ఆపరేషను చేయించుకుని కూతురింటికి పోతున్నానయ్యా. ఇంకెవర్నైనా చూసుకో."

సంగతి ఏమిటంటే, పస్కా పండగ అన్నాళ్లూ యూదుల ఇళ్లలో పులిసింది ఏదీ ఉండకూడదు. రొట్టె, గోధుమపిండి, ఆఖరికి ధాన్యంతో కాచిన సారా కూడా. పారేయడానికి ప్రాణం ఒప్పదు కదా, అందుకని అవన్నీ ఒక అల్మారాలో పెట్టి మూసేసి, రబ్బీ చేత యూదుడు కాని మనిషికి అమ్మిస్తారు. పండగ అవగానే తిరిగి కొనుక్కుంటారు. ఉత్తుత్తి బేరం మాత్రం కాదు. సరుకు నిజంగా కొన్నవాళ్లదే. సరుకున్న చోటు కూడా అన్నాళ్లూ వాళ్లకే అద్దెకిచ్చినట్టు. ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లి చూసుకునే హక్కుంటుంది. మా రొట్టెల కొట్టాయన ఇరవై ఏళ్లుగా కొంటున్నాడు గానీ ఎన్నడూ ఎవరి గడపా తొక్కలేదు.

నా బుర్రలో దీపం భగ్గున వెలిగింది! రొట్టెలు కొనకుండానే, బయటికి పోతున్న రబ్బీ వెనక పరుగెత్తి చొక్కా చెయ్యి పట్టుకోబోయి, ఆడది ముట్టుకోకూడదని గుర్తొచ్చి ఆగాను.

"అయ్యా, ఆడవాళ్లు కొనొచ్చా?"

ఆయన గడ్డం గోక్కున్నాడు. "కొనకూడదని ఎక్కడా లేదు."

"అయితే నీకు మనిషి దొరికింది."

పండగ ముందు రోజు పొద్దున్నే మందిరం వాకిట్లో బేరం జరిగింది. బహీజా నల్ల గౌను వేసుకుని, పెళ్లికూతురిలా వణుకుతూ వచ్చింది. ఒక నాణెం బయానా పెట్టింది. రబ్బీ తెల్ల రుమాలు ఒక కొస తాను పట్టుకుని రెండో కొస ఆమెకిచ్చాడు. ఆమె దాన్ని పైకెత్తింది. అంతే, పేటలో పులిసిందంతా బహీజాది! అందరూ అల్మారాలకు పట్టీలు అంటించి ఊరుకున్నారు. తాళం వేసి చెవి పంపిన మనిషి ఒక్కతే ఉంది. ఎవరో చెప్పాలా? చట్టం ఆఖరి అక్షరం దాకా జరగాల్సిందే అనే సుల్తానా.

రబ్బీ ఆ చెవిని బల్ల మీద పెట్టాడు. పాత ఇనప చెవి, వేలంత పొడుగు, తల దగ్గర మూడాకుల నగిషీ. బహీజా దాన్ని తీసుకుని బొటనవేలితో ఆ ఆకులు తడిమింది.

"ఇది గోడ అల్మారాది కదూ?" అంది.

"అవును. ఇంటితో పాటు వచ్చిన పాతది," అన్నాడు రబ్బీ.

శుక్రీ దగ్గర ఇర్బిద్‌లో వీధి తలుపు తాళం చెవి ఉంది, గోడకు వేలాడుతూ. ఆ తలుపు ఎప్పుడో మార్చేశారు. మా వాదీలో సగం ఇళ్లలో అలాంటి చెవులున్నాయి, తలుపుల్లేని చెవులు. తెరుచుకునే చెవి దొరికింది మొత్తం పేటలో ఒక్క బహీజాకే! నేను ఆ మెట్ల మీదే ఒక ఎగురు ఎగిరాను. ఈ వయసులో ఎగరకూడదని మోకాళ్లు తర్వాత చెప్పాయి.

పండగ మొదటి రోజులు గడిచేదాకా ఆగమన్నాడు రబ్బీ. ఆగాం. ఆ తర్వాత ఒక పొద్దున బహీజా ఫోను, తాళం చెవి పట్టుకుంది, నేను ఆమె మోచెయ్యి పట్టుకున్నాను. మెట్లెక్కి తలుపు కొట్టాం.

కిటికీ తెరుచుకుంది. "ఎవరది?"

"నేను, బహీజాని. నా పిండి చూసుకోడానికొచ్చా."

"ఏం పిండే?"

"నీ అల్మారాలో ఉన్న నా పిండి."

సుల్తానా మొహం ఎర్రబడింది. ఆమె మొరాకో అరబ్బీ రాళ్లు దొర్లినట్టుంటుంది, కోపం వస్తే కొండే దొర్లుతుంది. "కొన్నది నువ్వా? ఆ నిస్సీమ్ గాడు నాకు చెప్పనే లేదు! నాకు తెలుసు మీ సంగతి. ఇవాళ పిండంటారు, రేపు గోడలంటారు!"

"గోడలు పులిసేవి కావులే, సుల్తానా," అన్నాను నేను.

"నువ్వు నోర్ముయ్! వాదీలో ఏ కుండలో ఏం ఉడుకుతోందో చూసేది నువ్వే కదూ?"

"నీ కుండ ఒక్కటే మిగిలింది!"

ఆ అరుపులకు మందిరంలోంచి రబ్బీ రొప్పుతూ వచ్చాడు.

"లల్లా సుల్తానా," అన్నాడు, మొరాకోలో అమ్మగారూ అన్నట్టు. "తలుపు తియ్యమ్మా."

"తియ్యను."

"తియ్యకపోతే ఆమె కొన్నది ఆమెది కాదన్నట్టే కదా?"

"అయితే ఏం?"

"అయితే బేరమే లేదు. పండగ నడిమధ్యన పేటలో ప్రతి యూదుడి ఇంట్లోనూ పులిసిన పిండి ఉన్నట్టే. నా ఇంట్లోనూ. నీ ఇంట్లోనూ!"

కిటికీ మూసుకుంది. పండక్కి చెంచాలను మూడుసార్లు మరగబెట్టే మనిషి ఆమె. లోపల ఒక గొళ్లెం తీసిన చప్పుడు. కాసేపాగి ఇంకోటి. తర్వాత అడ్డగడియ.

"చెప్పులు బయట," అంది సుల్తానా తలుపు తీసి.

బహీజా కుడికాలు లోపల పెట్టి, నేలకేసి చూసింది. తెల్లటి నున్నటి కొత్త గచ్చు! ఈ మూల నుంచి ఆ మూలదాకా ఆసుపత్రిలా. పూలు లేవు, నక్షత్రాలు లేవు. గుమ్మం దగ్గర ఒంగి చేత్తో తడిమింది. "పోయింది, ఉమ్ ఇల్యాస్," అంది నాతో. "అన్నకేం చూపించను?"

నేను ఊరుకుంటానా? "పిండి చూడ్డానికొచ్చావు, పిండి చూడు! అల్మారా తియ్యవే!"

అల్మారా గోడ మందంలో ఉంది, మనిషి నిలబడేంత లోతు. పాత చెక్క తలుపులు. చెవి తిరిగేటప్పుడు కిర్రుమంది. లోపల గోధుమపిండి సంచి, రవ్వ డబ్బాలు, గోధుమ సారా సీసాలు. బహీజా సంచిని రెండు చేతులా పట్టి లాగింది. నేనూ లాగాను. సంచి కింద అంతా పిండి దుమ్ము. బహీజా గౌను అంచుతో తుడిచింది.

ఎర్ర పువ్వు.

ఇంకా తుడిచింది. నాలుగు పలకలు, నాలుగు ఎర్ర పూలు. మూడింటి తలలు మాకేసి. నాలుగోది గోడకేసి!

నేను అరిచిన అరుపుకు కింద సందులో వాళ్లు ఎవరో పోయారనుకున్నారట. బహీజా నేల మీద కూర్చుని ఫోను నొక్కింది. శుక్రీ మొహం వచ్చింది. ఫోను ముక్కుకు ఆనించుకున్నాడేమో, ఒక కన్నే కనబడుతోంది.

"అన్నా, చూడు! చూడరా! కనబడుతోందా?"

"ఇంకొంచెం కిందికి... వెలుగు... ఆగు." ఆ ఒక్క కన్నూ కదలకుండా చూసింది. ఆ తర్వాత ఆ ముసలాడు చిన్నపిల్లాడిలా కేకేశాడు. "అల్మారా లోపల! ఎర్ర పువ్వు! చెప్పానా లేదా? ఇన్నేళ్లు నక్షత్రం నక్షత్రం అని నా ప్రాణం తీశావు కదే దొంగమొహమా!"

"నువ్వే గెలిచావు, గెలిచావు," అని ఏడుస్తూ నవ్వింది బహీజా. ఓడిపోయి అంత సంబరపడ్డ మనిషిని నేనెక్కడా చూడలేదు.

వెనకనుంచి సుల్తానా తొంగిచూసి, "ఆ వంకర పలకా?" అంది. "గచ్చు మార్పించినప్పుడు మా ఆయన దాన్నీ పీకేస్తానన్నాడు. అల్మారాలోకి ఎవరు దూరి చూస్తారు, డబ్బు దండగ అన్నాను. పరిచినవాడెవడో తాగి పరిచుంటాడు అనుకునేవాళ్లం."

"మా నాన్న తాగలేదు!" అని గయ్యిమంది బహీజా. ఫోన్లోంచి శుక్రీ కూడా, "ఎవత్తది? మా నాన్న తాగాడంటుందా?" అని గయ్యిమన్నాడు.

సుల్తానా ఫోనుకేసి చూసింది. ఆ ఒంటికన్ను చూసి ఒకడుగు వెనక్కి వేసింది. "ఇతను... ఇక్కడివాడేనా?" అంది.

బహీజా పలక మీద అరచెయ్యి ఆనించింది. సుల్తానా గొంతు మారింది. "నేనెవర్నీ వెళ్లగొట్టలేదు. మమ్మల్ని రేవు నుంచి లారీలో తెచ్చారు. చేతిలో తాళం చెవి పెట్టి ఖాళీ ఇల్లు అన్నారు. పదహారేళ్ల పిల్లని నేను. మొరాకోలో, ఫెస్‌లో మా ఇల్లు మాత్రం ఎవరడిగారు?"

"ఫెస్‌లో నీ ఇంట్లో నేను కూర్చోలేదు," అంది బహీజా.

అక్కడితో ఆ రోజు ముగిసింది. మెట్లు దిగేసరికి మా వాదీ అంతా గుమిగూడి ఉంది. ఎవరు చెప్పారో నాకు తెలియదు. సరే, నేనే చెప్పాను. మాంసం కొట్టు ముందు, కాఫీ బల్లల దగ్గర ఒకటే మాట. "తిరిగి అమ్మకు బహీజా! చెవి నీ చేతిలో ఉంది! చట్టం వాళ్లదే, వాళ్ల చట్టంతోనే పట్టుకో!" ఆమె కూసాకాయలు తొలుస్తూనే ఉంది. ఆ వారంలో మూడు కాయలు చిరిగాయి. తాళం చెవిని మాత్రం మెడ గొలుసుకు వేసుకుంది, శిలువ పక్కనే.

పండగ ముగిసే సాయంత్రం మొరాకో యూదులకు ఇంకో సంబరం. సూర్యుడు దిగగానే పల్చటి అట్లు పోసి, వెన్నా తేనే రాసి, తలుపులు బార్లా తీసి, వచ్చినవాళ్లకల్లా పెడతారు. కానీ అట్లకు పిండి కావాలి. పిండి బహీజాది. ఆమె తిరిగి అమ్మేదాకా పేటలో ఒక్క పెనం వేడెక్కదు! చీకటి పడుతుండగా రబ్బీ రుమాలుతో దిగి వచ్చాడు. బహీజా మెట్ల మధ్యలో కూర్చుంది. పైన యూదులు, కింద మేము, తిరణాలలా ఉంది. పైమెట్టు మీద సుల్తానా, చేతిలో ఖాళీ గిన్నె.

"ఏమమ్మా, తిరిగి అమ్ముతావా?" అన్నాడు రబ్బీ. నవ్వుతున్నాడు గానీ నుదుటి మీద చెమట.

"అమ్ముతాను," అంది బహీజా. కింద మావాళ్లు ఉస్సురన్నారు. "మాట ఇచ్చాను, అమ్ముతాను. కానీ ఒకటి అడుగుతా. ఇల్లు పోయిన ఏడు కూడా మీ పస్కా ముంగిట్లోనే. మా అమ్మ పులిసిన పిండి ముద్ద ఆ అల్మారాలోనే ఉంది, తడిగుడ్డ చుట్టి. అది ఎవరు కొన్నారు?"

రబ్బీ రుమాలుతో తన మొహమే తుడుచుకున్నాడు. జవాబు పైనుంచి వచ్చింది.

"ఎవరూ కొనలేదు," అంది సుల్తానా.

"కొనలేదు. ఉంచుకున్నారు."

సుల్తానా గిన్నెను ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. "ఉంచుకున్నాం," అంది.

ఆ ఒక్క మాట కోసం బహీజా ఎన్నేళ్లు సముద్రం కేసి చూసిందో! లేచి నిలబడి, రుమాలు కొస పట్టుకుని వదిలింది. మెడలోంచి చెవి తీసి రబ్బీ చేతిలో కాదు, రెండేసి మెట్లెక్కి వెళ్లి సుల్తానా గిన్నెలో ఠంగుమని వేసింది.

"పిండి అమ్మాను. గచ్చు అమ్మలేదు, గుర్తుంచుకో."

"గచ్చు నేనూ ఇవ్వను," అంది సుల్తానా. "ఇప్పుడు లోపలికొస్తావా రావా? పెనం పొయ్యెక్కించాలి!"

వెళ్లింది. నేనూ వెళ్లాను, అడగాలా! అట్లు బాగున్నాయి, తేనె ఎక్కువైంది.

ఇల్లు ఇల్లుగానే ఉంది. ఎవరూ ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. కాకపోతే మెట్ల మీద వాళ్లిద్దరూ ఇప్పుడు సముద్రం చూడరు. ఒకరి మొహం ఒకరు చూసుకుని గొంతు చించుకుని పోట్లాడుకుంటారు, ఎవరి ఇల్లని. మరుసటి ఏడు రబ్బీ కొత్త మనిషిని తెస్తానంటే సుల్తానాయే వినలేదు, "కొంటే బహీజాయే కొనాలి. ఆమె అయితే వచ్చి చూసుకుంటుంది, అప్పుడే అది బేరం" అంది.

ఆ వేసవికి శుక్రీ కళ్లు పూర్తిగా పోయాయి. అయినా పస్కా వచ్చిందంటే ఫోన్ చేస్తాడు. బహీజా అల్మారా ముందు కూర్చుని ఫోను పలకకు ఆనిస్తుంది.

"పువ్వు తల గోడకేసే ఉందా?"

"ఉందన్నా."

"ఎవరైనా తిప్పేశారేమో, సరిగ్గా చూడు!"

వెనక తడిగుడ్డతో మోకాళ్ల మీద ఉన్న సుల్తానా అరుస్తుంది. "గోడకేసే ఉందయ్యా! నేనే తుడుస్తున్నాను! చెవులు కూడా పోయాయా నీకు?"